ఒక్క సీటు ఇంజను

నాచారంలో తండ్రి మురళీధర్, చిల్కానగర్‌లో కూతురు సిరి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెవులకు మైకులు తగిలించుకుని, ఒక్కరే ఆడుకోవలసిన రైలాటను ఇద్దరూ నెట్ మీద పంచుకుని ఆడుతున్నారు. వినోదమే అనుకుని కూర్చుంది సిరి, పాపం, మొన్నటిదాకా.

"హోమ్ సిగ్నల్, ఎల్లో."

"ఎల్లో."

"స్పీడ్ తగ్గియ్యి బాపూ, ముందల వంపున్నది."

"నాకు చెప్తున్నవా? నువ్వు పుట్టకముందు నుంచి ఇంజన్ ఎక్కుతున్న నేను. నీ పని నువ్వు జూస్కో. హారన్ కొట్టు."

"కొట్టిన. ఇనబడలేదా?"

"ఆఁ, గిప్పుడినబడ్డది. నువ్వు నొక్కినంక జర ఆగి మోగుతున్నది."

"నెట్ గంతే బాపూ. ఆట నీ కంప్యూటర్ల నడుస్తున్నది. నీ బొమ్మ నెట్ మీద నా కాడికి రావాలె, నేను నొక్కింది మల్ల నీ కాడికి పోవాలె."

"ఈ ఆట జేసినోళ్ళకు బుర్ర లేదు. అంత మంచి ఇంజన్ జేసి ఒక్క సీటే పెట్టిన్రు. అసిస్టెంట్ లేని బండి ఏడనన్న ఉంటదా?"

"ఒక్కరు ఆడుకునే ఆట గదా. గందుకే నేను గిట్ల అతుకులేసుకొని దూరిన."

"మంచిగనే దూరినవ్. నీ ఆఫీసోళ్ళు ఏమనరా?"

"మేనేజర్ పొద్దుగాల నుంచి మెసేజ్‌లు కొడ్తనే ఉన్నడు. కొట్టుకోనియ్యి."

"గట్లనద్దు. నౌకరి నౌకరే. పిలువు, పిలువు, ఏదో వస్తున్నది."

"స్టార్టర్, గ్రీన్."

"గ్రీన్. గిదీ పద్ధతి. ఒకరు పిలవాలె, ఇంకొకరు తిరిగి చెప్పాలె. ఇద్దరి నోట్లకెల్లి ఒకటే రంగు రావాలె. గప్పుడే బండి ముందుకు."

"ఇద్దరూ సూసే చెప్పాలె గదా?"

"సూడక మరి?"

"ఊఁ."

"ఏంది ఊఁ?"

"ఏం లేదు. అమ్మేం జేస్తున్నది?"

"పండుకున్నది. పొద్దూకినంక నాకు డ్యూటీ. లేసి డబ్బా కడ్త అన్నది."

"పిలుపు వచ్చిందా అప్పుడే?"

"వచ్చింది. గూడ్స్. చీకటి పడేటాల్లకు డ్యూటీలేసే లాబీకి పోయి సంతకం పెట్టాలె."

"నరేన్‌కు గూడ ఇయ్యాల్నే వచ్చింది. లోపట పండుకున్నడు."

"ఎవరితోటంట?"

"ఎవరితోటి ఏంది, ఆయన ఎప్పుడూ తిరుపతి సార్ బండికే గదా అసిస్టెంట్. మీ మామా అల్లుండ్లకు ఎప్పుడు జూడు ఒకటే పూట పిలుపొస్తది."

"రైల్వే గదా బిడ్డా, కలిసొస్తది. ముందు బండి సూడు."

"సూస్తున్న."

"సూస్తే పిలుస్తలేవేంది?"

"ఈసారి నువ్వు పిలువు బాపూ. నేను తిరిగి చెప్త."

"ఎందుకు?"

"ఊకెనే. రోజూ నేనే పిలుస్తున్న గదా."

"అసిస్టెంట్ నువ్వు. చిన్నోళ్ళు ముందు పిలవాలె."

"ఎవరికి ముందు కనబడ్తే వాళ్ళు పిలవాలెనని నువ్వే చెప్పినవ్."

"చెప్పిన్నా?"

"చెప్పినవ్. పిలువు."

"దూరమున్నది ఇంక."

"దగ్గరికొచ్చింది."

"ఎండ పడ్తున్నది స్క్రీన్ మీద. మీ అమ్మను పరదా కట్టమంటే కట్టది."

"పరదా నేనే గట్టి పోయిన బాపూ, పోయిన ఆదివారం."

"గాలికి లేసిందేమో మరి. ఇగో, ఆపిన బండి. సంబురమా? చాయి తాగి మల్ల ఆడుదాం."

"గ్రీన్ ఉంటే ఎందుకు ఆపినవ్?"

"గ్రీన్ ఉన్నదా?"

"నీ ముందల్నే ఉన్నది."

"ఉన్నది, ఉన్నది. సూసిన. ఊకెనే ఆపిన. నా ఆట నేను ఆపుకోవద్దా?"

"బాపూ, ఒక మాట అడుగుత. కోపం జేసుకోకు."

"నువ్వు అడుగకముందే కోపమొస్తున్నది నాకు."

"సిగ్నల్ నీ స్క్రీన్ మీద ముందు వస్తది. నా కాడికి ఎనక వస్తది. హారన్ ఎట్లనో ఇదీ గట్లనే. అవునా కాదా?"

"అయితే?"

"ఈ ఆట మొదలుపెట్టిన కాంచి ప్రతి సిగ్నల్ నేనే ముందు పిలిచిన. నువ్వు ఒక్కటంటే ఒక్కటి పిలవలేదు. ఎనక వచ్చేది నాకు ముందెట్ల కనబడ్తున్నది?"

"పడుచు కండ్లు గదా నీవి."

"ఎంత పడుచు కండ్లయినా నెట్ కన్న ముందు ఉరుకుతయా?"

"నీకు ఛాన్స్ ఇస్తున్ననే. పిల్ల సంబురపడ్తదని."

"అమ్మ గూడ చెప్పింది. స్క్రీన్‌కు ముక్కు ఆనిచ్చి కూసుంటున్నవట."

"మీ అమ్మకు పనేమున్నది, చాడీలు జెప్పుడు తప్ప."

"మొన్న ఉప్పల్ బస్టాండ్ల, వచ్చే బస్సు ఏ నంబరో సదువు బిడ్డా అన్నవ్."

"కండ్లద్దాలు మరిచిపోయిన."

"నీ ముక్కు మీదనే ఉండె."

"అబ్బా! ఆడుతవా, బంద్ జెయ్యన్నా?"

"ఆడుత. నడుపు. నేనే పిలుస్త."

"గట్ల దారికి రా."

"డబుల్ ఎల్లో."

"డబుల్ ఎల్లో."

"ఎల్లో."

"ఎల్లో. తగ్గిస్తున్న. సూడు బ్రేక్ ఎట్ల పడ్తదో. చాయి కప్పు నిండుగ ఉన్నా సుక్క ఒలకది. నేర్పితే వచ్చేది కాదు ఇది."

"గ్రీన్."

"గ్రీన్. లేపుతున్న... ఏయ్, ఏందిది? బండి ఆగిపాయె. స్క్రీన్ నిండ ఏదో వచ్చింది. ఏం రాసిన్రు?"

"సదువు బాపూ."

"ఇంగ్లీష్ల ఉన్నది."

"నీకు ఇంగ్లీష్ రాదా? నాకు పదో తరగతి దాక నువ్వే గదా చెప్పింది."

"నువ్వే సదువు."

"ఎర్ర సిగ్నల్ దాటినవ్, ఆట అయిపోయిందని రాసిన్రు. గంతంత అక్షరాలతోని రాసిన్రు."

"ఎర్రదేంది? గ్రీన్ అంటివి గదా నువ్వు!"

"అన్న. అబద్ధం జెప్పిన. అది ఎర్రగుండె. నేను గ్రీన్ అంటే నువ్వు గూడ గ్రీన్ అన్నవ్."

"మోసం జేసినవ్."

"జేసిన."

"కన్న తండ్రికి పరీక్ష పెడ్తవానే? ఇందుకేనా రోజూ మైకు పెట్టుకొని కూసునేది? నేను బిడ్డ వస్తున్నదని, నాతోటి మాట్లాడుతున్నదని..."

"మాట్లాడనీకే కూసున్న. ఒట్టు బాపూ. మొన్నటి దాక నాకు అనుమానమే లేదు. నిన్న రాత్రంత నిద్ర పోలేదు నేను."

"ఆట ఇది! ఏ దేశపు లైనో, ఏ గుట్టలో! ఏ సిగ్నల్ ఏడున్నదో నాకేం తెల్సు? మన సెక్షన్ల సూడు నన్ను. ఘట్‌కేసర్ కాంచి ఏ సిగ్నల్ ఏ వంపుకాడ ఉన్నదో కండ్లు మూసుకొని చెప్త."

"గదే నా భయం. కండ్లు మూసుకొనే చెప్తున్నవేమోనని. ఏడున్నదో నీకు తెల్సు. ఏ రంగున్నదో తెలుస్తున్నదా బాపూ? చెప్పు. నేను అమ్మను కాదు, తిట్టను."

"తిట్టు. తిడితేనే మంచిగుంటది."

"ఎప్పటి నుంచి?"

"బోనాల కాంచి. మొదట్ల వానకు అద్దం మసకైందనుకున్న. రుమాలుతోని తుడిచిన. అద్దం మంచిగనే ఉండె."

"దవాఖానకు పోయినవా?"

"హబ్సిగూడల ఒక ప్రైవేటు డాక్టర్‌కు సూపించుకున్న. షుగర్ కంట్లకు దిగిందన్నడు. రైల్వే దవాఖానకు పోతే ఆ రోజే ఇంజన్ దించుతరు."

"ఎట్ల కనబడ్తది?"

"దీపం ఉన్నదని తెలుస్తది. సూటిగ సూస్తే మాయమైతది. జర పక్కకు సూస్తే మల్ల వస్తది, రంగు లేకుంట. దయ్యం ఆడుకున్నట్టు ఆడుకుంటది నాతోని."

"అయ్యో బాపూ."

"అయ్యో గియ్యో అనకు. నాకది వద్దు."

"అమ్మకు తెల్సా?"

"తెల్వది. చెప్పినవంటే నువ్వు నా బిడ్డవే కాదు."

"సరే, అమ్మకు చెప్పను. ఇయ్యాల పోకు. సిక్ రాయి."

"రాసి?"

"మందు వేయించుకుందాం. పెద్ద డాక్టర్‌కు సూపిద్దాం."

"సిక్ రాస్తే మందియ్యరు బిడ్డా, కుర్చీ ఇస్తరు. పోశయ్యను సూసినవ్ గదా? నాకు బండి నేర్పినోడు. చెవులు పోయినయని దించిన్రు. ఏదో ఆఫీస్ వరండాల స్టూలేసి తాళాలు ఇచ్చే పని పెట్టిన్రు. బండి దగ్గరికొస్తే కింద నేల అదురుతది గదా, గప్పుడు లేసి నిలబడ్తడు. నిలబడి ఏం జెయ్యాలె? మల్ల కూసుంటడు. అది సూసొచ్చిన నాడు నేను బువ్వ తినలేదు."

"పోశయ్య మామ బతికున్నడు గదా."

"అది బతుకా?"

"ఎదురుంగ వచ్చే బండిల ఉన్నోళ్ళకు బతుకు వద్దా మరి? వాళ్ళకు బిడ్డలు లేరా?"

"ఎవ్వరికీ ఏం కాదు. నా చెయ్యి తప్పది."

"చెయ్యి కాదు, నేను కంటి సంగతి అడుగుతున్న. అక్కడ నీకు సిగ్నల్ ఎవరు పిలుస్తున్నరు?"

"అసిస్టెంట్ పిలుస్తడు. ఎవరు పిలుస్తరు?"

"ఎవరు అసిస్టెంట్?"

"ఎవరో పిల్లగాండ్లు. లాబీల ఎవర్ని వేస్తే వాళ్ళు. రోజుకొకడు."

"రోజుకొకడైతే ఎవడో ఒకడు కనిపెట్టేటోడే. ఒక్కడే ఉండాలె. నీ సంగతి తెల్సినోడు. తెల్సి నోరు మూసుకున్నోడు."

"గవన్నీ నీకెందుకు?"

"వాడెంత మొనగాడు బాపూ! నీ ప్రాణం, వాని ప్రాణం, ఎదురొచ్చేటోళ్ళ ప్రాణం, అందరివి జేబుల వేసుకొని తిరుగుతున్నడు. నీకన్న ముందు వాణ్ణి దించాలె. పేరు చెప్పు, గిప్పుడే లాబీకి ఫోన్ జేస్త."

"వద్దు బిడ్డా."

"నంబర్ ఉన్నది నా కాడ. చెప్పు."

"సిరీ, ఇగ చాలు."

"చెప్పు బాపూ! ఎవడు వాడు?"

"లోపట పండుకున్నడంటివి గదా. లేపి అడుగు."

"నరేనా?"

"లాబీల రాజయ్య కాళ్ళా వేళ్ళా పడి వాణ్ణి నా బండికే వేయించుకుంటున్న."

"తిరుపతి సార్ అన్నడు నాకు. వచ్చినప్పుడల్ల తిరుపతి సార్ కథలు చెప్పిండు. తిరుపతి సార్ గురక పెడ్తడని గూడ చెప్పి నవ్వించిండు."

"నేనే గట్ల చెప్పమన్న. ఏడుస్తున్నవా?"

"లేదు."

"ఏడువకు. ఇగ చెయ్యి ఫోన్. ఎందుకు ఆగినవ్? నంబర్ ఉన్నదంటివి గదా."

"బాపూ..."

"నేను సిక్ రాసిన అనుకో. కన్ను సూస్తరు. ఇది నిన్న మొన్న వచ్చింది కాదంటరు. ఇన్ని దినాలు నీ పక్క సీట్ల ఎవడున్నడని కాయితాలు తీస్తరు. ఎప్పుడు జూసినా ఒకటే పేరు. వాడు ఎందుకు చెప్పలేదంటరు. అల్లుడంటరు. నాకు ముసలోణ్ణని కుర్చీ అన్న ఇస్తరు. వానికి అదీ ఇయ్యరు, ఇంటికి తోలుతరు. గందుకే దిగుతలేను. గిప్పుడు సమజైందా?"

"గందుకేనా?"

"కుర్చీ అంటే గూడ భయమే. నీకు అబద్ధం చెప్పను."

"ఇద్దరు గలిసి నన్ను మంచిగ ఇరికిచ్చిన్రు. నోరు తెరిస్తే మొగని నౌకరి పోతది. మూసుకుంటే ఏ తెల్లారి ఏ ఫోన్ వస్తదో అని కూసోవాలె. ఇంట్ల ఇద్దరూ ఒకటే ఇంజన్ల! పోతే ఇద్దరూ పోతరు నాకు."

"నువ్వేం ఇరుకలేదు. నువ్వేం సూడలేదు, ఏం ఇనలేదు. ఆట బంద్ జేసి చాయి తాగు."

"ఎట్ల బంద్ జెయ్యాలె? నెట్ తీసేస్తే బంద్ అయ్యేదా ఇది?"

"సిరీ, ఎవరి మీద అరుస్తున్నవ్? నిద్ర పడ్తలేదు."

"లేసినవా నరేన్? రా, రా. తిరుపతి సార్ ఉన్నడు లైన్ల. మాట్లాడు."

"తిరుపతి సారా? నీకెందుకు జేసిండు?"

"నా కంప్యూటర్ల ఉన్నడు. ఇట్ల కూసో. స్పీకర్ల పెడ్తున్న."

"అల్లుడా, నేనే. మురళీధర్ని. అది కనిపెట్టింది."

"కనిపెట్టిందా మామా?"

"ఆఁ. సావగొడ్తున్నది నన్ను."

"నరేన్, నువ్వు ఉలిక్కిపడవేంది? ఎన్నడో ఒకనాడు కనిపెడ్తనని తెల్సా నీకు?"

"ఈ ఆట నీకు ఎవరు సూపించిన్రు సిరీ?"

"నువ్వే. బాపుకు రెస్టు రోజు పొద్దు పోతలేదు, పెట్టియ్యి అన్నవ్. ఒక్క సీటే ఉన్నదంటే, నెట్ మీద కలుపుకొని పక్కన నువ్వు కూసో, సిగ్నల్ పిలువు అన్నవ్. రోజూ అడిగేటోనివి, ఎట్ల ఆడిండు మామ అని."

"మామకు మాటిచ్చిన. నా నోటితోని ఎవ్వరికీ చెప్పనని. చెప్పలేదు. నీ కంటితోని సూస్తవేమో అని సూసిన."

"అల్లుడా! నిన్ను కడుపుల పెట్టుకున్న నేను. నా ఎనక గింత పని జేసినవా?"

"మీ ముందల చెప్పే ధైర్యం లేకపాయె మామా. రోజూ అనుకునేది, ఇయ్యాల చెప్పాలె, దిగినంక చెప్పాలె అని. మీరు బ్రేక్ మీద చెయ్యి వేసి కూసుంటే నోరు రాకపోయేది."

"నేను కనిపెట్టేదాక ఆగినవా? ఇంట్ల పక్కన పండుకొని? ఇంకొకతైతే చెంప పగలగొట్టేది."

"కొట్టు సిరీ. నాకు ఫికర్ లేదు."

"అరె, ఆగున్రి ఇద్దరు. నేను చెప్పేదిను బిడ్డా. వాని ముందల్నే చెప్తున్న. నరేన్, ఇన్ని రాత్రులు పోయినం. ఒక్కసారన్న ఎర్రది దాటినమా?"

"లేదు మామా."

"బ్రేక్ ఒక్కసారన్న ఆలస్యంగ పడ్డదా?"

"లేదు."

"ఇన్నవా? వాని కండ్లు, నా చెయ్యి. ఇద్దరం గలిస్తే ఒక మంచి డ్రైవర్."

"ఒక్క డ్రైవర్. సరే. మరి అసిస్టెంట్ ఎవరు బాపూ?"

"ఆఁ?"

"ఇద్దరి నోట్లకెల్లి ఒకటే రంగు రావాలెనంటివి. ఇద్దరూ ఒకటే కంటితోని సూస్తుంటే రెండో నోరు ఎందుకు?"

"మాటలు నేర్చినవ్ మస్తు. గీ మాటలు వాడు తప్పు పిలిస్తే గదా? వాడు తప్పు పిలువడు. నేను చేసిన అసిస్టెంట్ వాడు. బంగారం."

"మామా, గట్లనకున్రి."

"ఎందుకు అనొద్దు? అంట. సిరీ, ఇను. నరేన్, సూటిగ చెప్పు. నీ పిలుపు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, సూడకుంట పిలిచినవని చెప్పు. గిప్పుడే సిక్ రాస్త. నా ఇంజన్ పోనియ్యి, నీ నౌకరి పోనియ్యి, రాస్త. మీ అత్తమ్మ మీద ఒట్టు."

"ఒట్టెందుకు మామా?"

"నాకు ధైర్యమున్నది గనుక! చెప్పు!"

"చెప్పు నరేన్. తల దించుకుంటవేంది? ఇటు సూడు."

"మొన్న తెల్లారగట్ల, జనగామ దాటినంక..."

"మంచు పడ్డ రోజు. యాదికున్నది. అన్నీ గ్రీన్లే ఆ రోజు. నువ్వు పిలిచినవ్, నేను తిరిగి చెప్పిన. ఒక్క తప్పు లేదు."

"కూసున్నకాడ నాకు కన్ను అంటుకున్నది మామా. బండి ఊగితే ఉలిక్కిపడి లేసిన. లేసిన భయానికి గ్రీన్ అన్న, మీరు గూడ గ్రీన్ అన్నరు. కిటికీల తల పెట్టి సూసేసరికి సిగ్నల్ స్తంభం ఎనకపడ్డది. అది ఏ రంగుండెనో ఈనాటికి మీకూ తెల్వది, నాకూ తెల్వది."